పెద్దదారి కావలీ, పుల్లన్న నెమరూ

కొండ దిగి, ఇప్పచెట్ల నడుమ నుంచి సాగి, ఏటి రేవు దాకా పోయే బాటను ఆ అడవిలో పెద్దదారి అనేవాళ్లు. ఎండాకాలం వచ్చి చెలమలన్నీ అడుగంటితే, దాహమేసిన ప్రతి ప్రాణీ ఆ దారి పట్టాల్సిందే. ఇక చూడాలి ఆ సంబరం. జింకలకు ఎప్పుడూ తొందరే, ముందెవరున్నారో వెనకెవరున్నారో చూసుకోవు. ముళ్లపంది పక్కన నడిచిన పాపానికి ఎందరికి చర్మం చీరుకుపోయిందో. అడవిపందులేమో పిల్లాపాపలతో దారంతా పరుచుకుని నడిచేవి. కాస్త జరగండమ్మా అంటే, దారి మీ తాత వేయించాడా అని గుర్రుమనేవి.

ఈ గోల భరించలేక, అడవికి పెద్దదిక్కయిన ఏనుగు పెద్దయ్య దారికి ఒక కావలిని పెట్టాడు. కావలివాడి మెడలో ఎర్రపట్టీ, పట్టీకి ఇత్తడి గంట. అది మోగిందంటే ఎంతటివాడైనా పక్కకు ఒదిగి నిలబడాల్సిందే. కావలివాళ్లకు నాయకుడు చెంగయ్య అనే నక్క, వాళ్లను వెతికి కుదిర్చే పనీ వాడిదే. కావలి లేని పూట దారి బాధ్యత ఆ నాయకుడిదేనని కూడా పెద్దయ్య షరతు పెట్టాడు. అందుకే చెంగయ్య దారిని ఒక్కపూట కూడా ఖాళీగా ఉంచేవాడు కాదు, అంతటి కర్తవ్యదీక్ష మరి.

అడవి అంచున మేసే పశువుల మందలో పుల్లన్న అని ఒక కుర్ర ఎద్దు ఉండేవాడు. లేత ఎర్రటి ఒళ్లు, ఇంకా పూర్తిగా తిరగని కొమ్ములు, సగం మూసిన కళ్లు. వాడొక కలల మనిషి, అదే, కలల ఎద్దు. మేయడానికేముంది, అందరూ మేస్తారు. మేశాక నీడన కూర్చుని, మేసినదంతా తీరిగ్గా నోట్లోకి తెచ్చుకుని నములుతూ ఉంటాడే, అప్పుడు పుల్లన్న ఈ లోకంలో ఉండేవాడు కాదు. పొద్దువాలుతూ ఉంటుంది. పెద్దదారి మీద దుమ్ము పసుపు చల్లినట్టు లేస్తుంది. ఆ దుమ్ము నడుమ ఎర్రపట్టీ కట్టుకుని తను నిలబడి ఉంటాడు. జింకలు ఆగుతాయి, పందులు ఒదుగుతాయి, ఎవరో ముసలి కుందేలు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి పోతుంది. ఇంతలో పక్కనున్న ఆవు తోకతో ఒక్కటిస్తే మళ్లీ మందలో పడేవాడు.

ఆ ఏడు మంద మేసే బీడు మరీ ఎండిపోయింది. నోట్లోకి గడ్డి కంటే మట్టే ఎక్కువ పోయేది. సరిగ్గా అదును చూసుకుని చెంగయ్య వచ్చాడు.

"అల్లుడూ," అన్నాడు, చుట్టరికం ఎప్పుడు కలిసిందో తెలీదు గాని. "ఇంత ఒడ్డూ పొడుగూ పెట్టుకుని ఈ మోళ్ల మధ్య ఏం చేస్తున్నావు? పెద్దదారికి కావలి కావాలి. నిన్ను తప్ప ఇంకొకడిని ఊహించుకోలేకపోతున్నాను."

పుల్లన్నకు తన కలే ఎదురొచ్చి పిలిచినట్టయింది. అయినా పైకి తొణకలేదు. "జీతమేమిటండీ?"

"ఏటి ఒడ్డు పచ్చిక. ఎంత తింటే అంత. కొలతా లేదు, అడిగేవాడూ లేడు."

ఆ మాటకు మందంతటికీ నోరూరింది. పుల్లన్న గుటకలు మింగుతూ అడిగాడు, "పని వేళలో?"

"తెల్లారుతూనే కడుపునిండా తిని గంట కట్టుకో. పొద్దుగూకేదాకా దారి మీద తిరుగు. అంతే."

"మధ్యలో కూర్చోవచ్చా?"

"కావలివాడే చతికిలబడితే దారికి మర్యాదేముంటుంది అల్లుడూ?"

"మరి పండగలూ పబ్బాలూ?"

"నువ్వు ఆ పట్టీతో నిలబడ్డ ప్రతి రోజూ పండగే," అన్నాడు చెంగయ్య తల వంచుకుని. నక్క వినయం అని ఊరికే అనలేదు పెద్దలు.

"నక్క తోక తొక్కావురా పుల్లన్నా," అని మంద మంద అంతా మురిసిపోయింది. చెంగయ్య ఎందుకైనా మంచిదని తోక కాస్త లోపలికి లాక్కున్నాడు.

పుల్లన్న ఎంత కలలవాడైనా రైతు కాడి కింద పెరిగిన వంశం. కాడి మెడ మీద పడకముందే బరువు చూసుకోవాలని వాడి రక్తానికి తెలుసు. "మచ్చుకు ఒక రోజు చేసి చూస్తానండీ," అన్నాడు.

"చూడు, తప్పేముంది. కాని పెద్దయ్య ముందు మాటిచ్చాక మాత్రం వానలు పడేదాకా వెనక్కి పోవడం ఉండదు," అన్నాడు చెంగయ్య. ఆ అడవిలో రాతలూ సంతకాలూ లేవు. ఏనుగు చెవిన పడ్డ మాట ఏనుగు మరిచిపోదు, అంతే.

మర్నాడు తెల్లవారుజామున ఏటి మీద పొగమంచు పాలమీగడలా పరుచుకుని ఉంది. మోకాలి దాకా పచ్చిక. పుల్లన్న మేస్తుంటే ఒళ్లంతా చల్లబడింది. మెడలో గంట పడింది. అబ్బ, ఆ చప్పుడు! తను అడుగేస్తే అడవంతా అడుగేసినట్టుంది. జింకలు ఆగాయి. పందులు సణుగుతూనే ఒదిగాయి. ఇప్పపూలు రాలి వీపు మీద పడుతుంటే, ఇది కలా నిజమా అని ఒకటి రెండుసార్లు కళ్లు మూసి తెరిచి చూసుకున్నాడు.

ఎండ చుర్రుమనే వేళకు, తల్లి నుంచి తప్పిపోయిన దుప్పిపిల్ల ఒకటి దారి నడుమ వణుకుతూ కనబడింది. పుల్లన్న దాన్ని తన నీడలో నడిపించుకుంటూ రేవు దాకా తీసుకెళ్లాడు. తల్లి పరుగున వచ్చి పిల్లను నాకుతూ పుల్లన్న వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు వాడి కళ్లు చెమ్మగిల్లాయి.

కాని మధ్యాహ్నం దాటాక కడుపులో గడ్డి రాయిలా కూర్చుంది. నిలబడి నమలబోతే ఎవడో ఒకడు దౌడు తీస్తూ వచ్చేవాడు, గంట మోగించాలి. మళ్లీ మొదలుపెడితే పందులు దెబ్బలాడుకునేవి, విడదీయాలి. పొద్దుగూకాక మందకు చేరి కూలబడ్డాడు. నెమరు నోటికి రాకముందే నిద్ర వచ్చేసింది. ఆ రాత్రి వాడికి కల రాలేదు. పొద్దున్నే లేచి దుప్పిపిల్ల మొహం తలుచుకోబోతే గుర్తుకు రాలేదు. బంగారంలాంటి రోజు ఒకటి తన మీదుగా నడిచిపోయింది గాని తనకు దక్కలేదనిపించి దిగులేసింది.

దారి పక్కన బండ దగ్గర గంగులు అని ముసలి గాడిద ఉండేవాడు. అంతకుముందు కావలి ఆయనే. గిట్టలు అరిగిపోతే చెంగయ్య గంట విప్పించి ఆ బండ నీడన ఉండమన్నాడు. అక్కడ గడ్డి లేదు, ఉత్త నీడే ఉంది.

"గంగులు మామా, ఉద్యోగం ఎలాంటిది? దాచకుండా చెప్పు," అని అడిగాడు పుల్లన్న.

గంగులు అరిగిన గిట్టతో నేలను గీకాడు. "మంచి ఉద్యోగంరా అబ్బాయ్. తప్పిపోయిన పిల్లను తల్లికి అప్పగించిన రోజున జీతం సంగతి అడగబుద్ధి కాదు. ఆ అడగబుద్ధి కాకపోవడం మీదే చెంగయ్య బతుకుతున్నాడు."

"మరి అన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చావు?"

"నేను నిలబడే నిద్రపోతాను, నిలబడే తింటాను. తిన్నది ఒక్కసారికే అరుగుతుంది. నీకు అలా కాదే. నువ్వు కూర్చుంటే గాని తిన్నది ఒంటబట్టదు. చెంగయ్యకు ఆ సంగతి తెలీదు. వాడు మాంసం ముక్క గుటుక్కున మింగి మూతి నాక్కునే జాతి."

పుల్లన్న అక్కడి నుంచి కదిలాడు. వెళ్లి ఒక మోడు పక్కన కూర్చుని, కడుపులో మిగిలిన ఆ పచ్చికను తీరిగ్గా నెమరు వేశాడు. వేస్తుంటే వేస్తుంటే ఆలోచన కూడా నలిగి మెత్తబడింది.

ఏనుగు పెద్దయ్య ముందు అందరూ చేరారు. "ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు పెద్దయ్య, చెవులు నిదానంగా విసురుకుంటూ.

"ఒప్పుకుంటానండీ. పచ్చికకు వంక పెట్టక్కర్లేదు, పనంటే ప్రాణం. ఒక్కటే కోరిక. తిన్నాక నెమరు వేసుకోనివ్వాలి. అది ముగిసేదాకా నన్ను లేపకూడదు."

చెంగయ్యకు నవ్వాగలేదు. అడగక అడగక ఇదా అడిగేది అనుకున్నాడు. "దానికేం భాగ్యం అల్లుడూ. ఎంతసేపు కావాలంటే అంతసేపు వేసుకో."

"కాస్త ఎక్కువసేపే పడుతుందండీ," అన్నాడు పుల్లన్న. వాడు ఉన్నమాటే చెప్పాడు, దాచలేదు.

"పట్టనీ."

"ఆ సేపూ దారి ఎవరు చూస్తారు?" అన్నాడు పెద్దయ్య.

"నాయకుణ్ణి నేను లేనా? మూతి తుడుచుకునేంత సేపు చూడలేనా?"

పెద్దయ్య తొండం ఊపాడు. మాట ఆయన చెవిలో పడిపోయింది.

మర్నాడు పుల్లన్న పొద్దెక్కేదాకా దారి కాసి, ఇప్పచెట్టు కింద గంట విప్పి, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. చెంగయ్య గంట మెడలో వేసుకుని షికారుగా బయల్దేరాడు. కాసేపటికి వచ్చి "అయిందా అల్లుడూ?" అన్నాడు. పుల్లన్న నోరు ఖాళీ లేదు, తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ అడ్డంగా ఊపాడు. ఎద్దుకు దారిచ్చిన పందులు నక్కను చూసి జరుగుతాయా? గంట చప్పుడు దూరంగా ఏ తుప్పల్లోంచో వినిపించింది. ఎండ మండింది. ముళ్లపందిని ఆపబోయిన చోట చెంగయ్య వెనక భాగాన రెండు ముళ్లు దిగాయి. నీడలు సాగేవేళకు నాలుక వేలాడేసుకుని వచ్చి, "ఇంకా ఏం నములుతున్నావు నాయనా, అడవంతా తిన్నావా?" అని లబోదిబోమన్నాడు. అల్లుడు కాస్తా నాయన అయ్యాడు చూడండి. పుల్లన్న అరమూసిన కళ్లతో నమలడం ఆపలేదు.

మూడోనాటికి చెంగయ్య కుంటుకుంటూ పెద్దయ్య దగ్గరకు పోయి మొరపెట్టుకున్నాడు.

"నీ నోటితోనే అన్నావు గదా, ఎంతసేపు కావాలంటే అంతసేపని," అన్నాడు పెద్దయ్య. ఏనుగుతో వచ్చిన చిక్కే అది.

చేసేదిలేక చెంగయ్యే బండ దగ్గరకెళ్లి గంగులుకు దండం పెట్టాడు. ఎద్దు కూర్చున్న పూట రేవు దగ్గర నిలబడి గంట మోగిస్తే చాలు, నడవక్కర్లేదన్నాడు. ఏటి పచ్చికలో వాటా కూడా ఇస్తానన్నాడు. గంగులు వెంటనే ఒప్పుకోలేదు. "నా గిట్టలు ఇంకా అరిగి పని మానేసినా ఆ పచ్చిక నాదేనని పెద్దయ్య ముందు చెప్పు," అన్నాడు. చెంగయ్య చెప్పక చస్తాడా, చెప్పాడు.

ఆ సాయంత్రం దారి మీద దుమ్ము పసుపు చల్లినట్టు లేచింది. రేవు దగ్గర గంగులు గంట మోగుతోంది. ఇప్పచెట్టు కింద పుల్లన్న నములుతున్నాడు. వెనక ముల్లు లాక్కుంటూ చెంగయ్య పక్కకు చేరి, "ఒట్టు పెట్టి చెప్పు, అంత రుచేముంది అందులో?" అని నిజంగానే అడిగాడు.

పుల్లన్నకు ఆ మాట వినబడనే లేదు. ఎప్పుడో మనసులోంచి చెరిగిపోయిందనుకున్న దుప్పిపిల్ల మొహం, తడి ముక్కుతో సహా, అప్పుడే కళ్ల ముందుకు వచ్చింది.

జీతమెంతని అడిగినవాడు సగమే అడిగినట్టు, అది అరిగించుకునే తీరిక ఎంతని కూడా అడిగినవాడే పూర్తిగా అడిగినట్టు.