గొడుగు లేని బొమ్మలాట

నల్లకొండ కింది అడవిలో ఆ వేసవి పిల్లజంతువులన్నిటికీ ఒకటే బొమ్మల పుస్తకం పిచ్చి. ఏదుపంది కోటమ్మ తన ముల్లుతో టేకాకుల మీద గీసింది. ఉడత సింగారి మోదుగపూల రసంలో తోక ముంచి రంగులేసింది. కప్పా, చిట్టెలుకా ఒకే గొడుగు కింద వానలో నడుస్తాయి, అంతే కథ. గొడుగు చిన్నది కాబట్టి రెండింటికీ చెరో భుజం తడుస్తుంది. ఆ బొమ్మ వచ్చేసరికి కుందేలు పిల్లలు ఒకదాన్నొకటి వాటేసుకునేవి.

కోటమ్మకీ సింగారికీ వచ్చిన పేరు చూసి నక్క పానకాలుకి నిద్ర పట్టలేదు. కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి వాళ్ళ దగ్గరికొచ్చాడు.

"ఎన్నాళ్ళమ్మా ఈ కదలని బొమ్మలు? నేను కదిలిస్తాను! ఆకుబొమ్మలు కత్తిరించి పుల్లలు కట్టండి. తెల్లగుడ్డ వెనక ఆడిద్దాం. సాయంకాలం ఎండకి నీడలు గంతులేస్తాయి!"

ఇద్దరూ సంబరంగా సరేనన్నారు. కానీ ఆ ఇద్దరూ కలిసుంటే పానకాలు పేరు ఎవరు తలుస్తారు? మర్నాడే కోటమ్మ చెవిలో ఊదాడు: "గీతదేముంది, రంగే ప్రాణం అంటోంది మీ సింగారి." అటునుంచటే సింగారి దగ్గరికెళ్ళాడు: "తోక ముంచి పూయడం కూడా ఓ పనేనా అంటోంది మీ కోటమ్మ."

"నన్నంత మాటందా?" అన్నారు ఇద్దరూ. వెళ్ళి అడిగిన పాపాన పోలేదు. కోటమ్మ తన బొరియలో కప్పని చేసింది, సింగారి తన తొర్రలో చిట్టెలుకని చేసింది. కోటమ్మకి తిండి సయించడం లేదు. సింగారి చెట్టెక్కుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఇన్నేళ్ళ స్నేహం పోయిందే అని ఇద్దరికీ ఏడుపే, ఐనా పంతం.

ఆట రోజు రానే వచ్చింది. రెండు కోతులు గుడ్డ చెరో కొసా పట్టుకున్నాయి. పానకాలు ముందుకొచ్చి, "ఇదంతా నేనొక్కణ్ణే చేశాను!" అన్నాడు.

"కానీవోయ్, పొద్దు దిగిపోతోంది" అన్నాడు ఏనుగు తాత.

పానకాలు గుడ్డ వెనక్కెళ్ళి, అక్కడ చెరో పక్క నిలబడ్డ కోటమ్మ, సింగారిల దగ్గర బొమ్మలు అందుకున్నాడు. కప్ప వచ్చింది. చిట్టెలుక వచ్చింది. "అదుగో వాన!" అని అరిచి పానకాలు చెయ్యి చాపాడు. "గొడుగు ఇవ్వండి, త్వరగా!"

కోటమ్మ, "సింగారి చేసుంటుంది" అంది. సింగారి, "కోటమ్మ చేసుంటుంది" అంది. ఒకరి మొహం ఒకరు చూడలేదు. గొడుగు ఎవరూ చెయ్యలేదు!

"గొడుగేదీ? కప్ప తడిసిపోతోంది!" పిల్లలు గోల పెట్టాయి. పానకాలు కంగారులో తన తోకనే బొమ్మల మీదికి ఎత్తాడు. గుడ్డ మీద ఇంత కుచ్చుతోక, పక్కనే రెండు మొనదేలిన చెవులు!

"అమ్మో, నక్క! ఎలకని తినేస్తుంది!" కుందేలు పిల్లలు ఏడుపు లంకించుకున్నాయి.

"ఒరేయ్ పానకాలూ, అంతా నువ్వే చేశావుగా" అన్నాడు తాత, "ఆ గొడుగు కూడా చేసెయ్."

పానకాలు ఆకు కొరికాడు, చిరిగింది. ఇంకోటి కొరికాడు, అదీ చిరిగింది. పొద్దు కొండ అంచుకి చేరింది.

కోటమ్మ ఇక ఉండలేకపోయింది. "పిల్లలు ఏడుస్తున్నారు వదినా, ఆ ఆకు కాస్త పట్టుకో!"

"తోక ముంచి పూయడం కూడా పనేనా అన్నావుగా?"

"నేనా? గీతదేముందని నువ్వే అన్నావట! పానకాలు చెప్పాడు."

"నాకూ వాడే చెప్పాడు! నీ మీదొట్టు, నేనలా అనలేదు వదినా."

ఇద్దరూ పానకాలు వైపు తిరిగారు. పానకాలు ఆకాశంలోకి చూస్తున్నాడు.

సింగారి ఆకు బిగించి పట్టింది, కోటమ్మ ముల్లుతో గుండ్రంగా కోసేసింది. తొందరలో గొడుగు మరీ చిన్నదైంది. బొమ్మలు ఆ ఇద్దరే ఆడించారు. కప్ప గొడుగుని ఎలక మీదికి వంచితే, ఎలక కప్ప మీదికి వంచింది. పిల్లలు కళ్ళు తుడుచుకుని కేరింతలు కొట్టాయి. అంతలో పొద్దు గుంకింది.

"ఆటంటే కోటమ్మా సింగారిలదీ!" అన్నాడు తాత.

మర్నాడు పానకాలు ఆ గుడ్డ పట్టుకుని పక్క అడవికి పోయాడు. అతని వెంట కోతులూ రాలేదు. ఒక కొస పొదకి కట్టి, రెండో కొస నోట కరుచుకున్నాడు. కథ చెబుదామని నోరు తెరిస్తే గుడ్డ జారిపడింది. గుడ్డ పట్టుకుంటే మాట లేదు. చూడ్డానికొచ్చినవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు లేచిపోయారు.

స్నేహితుల్ని విడదీసినవాడికి స్నేహం కథ చెప్పడం చేతకాదు.