రోలు చుట్టూ చీమలు

అనగనగా అంటే రాజులే ఉండాలా ఏం? ఇది నల్లచీమల కథ. ఒక పెరట్లో పెద్ద రోలు, దానికి దూరంగా చీమల పుట్ట ఉండేవి. ఆ పుట్టకో కట్టుబాటుంది. తొలి చినుకు పడగానే వాకిలి మట్టితో మూసెయ్యాలి. బయటున్నవాళ్ళు బయటే!

ఒకనాడు నూరు చీమలు నూకలు మోసుకుంటూ ఇంటికి బయలుదేరాయి. ముందువాళ్ళ వాసన పట్టుకుని వెనకవాళ్ళు నడవడం చీమల పద్ధతి కదా! రోలు దగ్గర విసురుగా గాలి వీచి దారి వాసన కాస్తా చెదిరిపోయింది. అయినా అందరూ నడుస్తూనే ఉన్నారు. పైన మబ్బు కమ్ముకొస్తోంది, పుట్టలో పిల్లలు ఆకలితో ఉన్నారు.

వరుసలో గసగసమ్మ అనే చిన్నచీమ ఉంది. దానికి దారిపక్కన పచ్చగాజు ముక్క కనబడింది. "అబ్బ, ఎంత బావుందో!" అనుకుంది.

కాసేపటికి మళ్ళీ అదే ముక్క. "అక్కా, దీన్ని ఇందాకే చూశాం కదూ?" అని ముందు చీమనడిగింది.

"నోరు మూసుకుని నడవ్వే! ముందువాళ్ళకి తెలీదూ?"

మూడోసారీ అదే ముక్క! గసగసమ్మ వరుసలోంచి తప్పుకుంది. వరుస పక్కనుంచి ముందుకు పరుగెత్తింది. ఎవర్నడిగినా "మా ముందువాళ్ళకి తెలుసు" అన్నవాళ్ళే. పరుగెత్తి పరుగెత్తి చూస్తే, ఇందాక తన వెనక నడిచిన ముసలిచీమ మీసాలయ్య ఎదురుగా కనబడ్డాడు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నా ముందుండాల్సినదానివి, వెనకనుంచి ఎలా వచ్చావే?"

అప్పుడర్థమైంది. అందరూ రోలు చుట్టూ తిరుగుతున్నారు!

గసగసమ్మ దారికి అడ్డంగా నిలబడింది. వెనకవాళ్ళు వచ్చి ఢీకొట్టారు, నూకలు దొర్లాయి. "ఏం, నీకు తెలుసా దారి?" అంటూ అందరూ మీద పడ్డారు.

గసగసమ్మకి సిగ్గేసింది. అయినా ఉన్నమాట చెప్పేసింది. "నాకు తెలీదు."

మీసాలయ్య మీసం దువ్వుకున్నాడు. "నిజం చెప్పొద్దూ, నాకూ తెలీదే!"

"నాకూ!" "నాకూ!" ఇక నవ్వులే నవ్వులు.

ఆ నవ్వుల్లోనే మాటలు కలిశాయి. "పొద్దున పుట్ట దాటగానే నా కాళ్ళకి బూడిద అంటింది" అంది ఒకతె. "ఆ తర్వాత కరివేపాకు వాసనొచ్చింది" అంది ఇంకొకతె. "రోలు దగ్గరికి వచ్చేముందు ఇటుక ఎక్కి దిగాం" అన్నాడు మీసాలయ్య.

ఇంకేం! దొర్లిన నూకలు ఎత్తుకుని, ఇటుక ఎక్కి, కరివేప వాసన పట్టుకుని, బూడిద దాటి పరుగో పరుగు! ఆఖరి చీమ లోపల కాలు పెట్టిందో లేదో, టప్పున తొలి చినుకు పడింది. ఆ పూట పిల్లలందరూ కడుపునిండా తిన్నారు.

నలుగురితో కలిసి నడవండి పిల్లలూ, కానీ తెలియనిది తెలియదని చెప్పడానికి సిగ్గుపడకండి, ఆ ఒక్కమాటతోనే నలుగురికీ దారి దొరుకుతుంది.