దివానుగారి గోడ, నా పందిరి

నేను వేసే పందిళ్లు తుమ్మితే కూలతాయని మా ఆవిడే ఊరంతా చెబుతుంది. నిజమే. అందుకే తమలపాకు తోట పెంచినప్పుడు, కొత్త తీగల నీడకోసం పక్కనున్న దివానుగారి గోడకు ఆనించి ఏటవాలుగా పందిరి వేశాను.

దివానుగారు మండిపడ్డారు. "పోతులూ! నేను దగ్గరుండి కట్టించిన గోడరా అది! పీకెయ్!"

పీకితే లేత తీగలు మాడిపోతాయి.

"చిత్తం దొరా. కానీ గోడ నా తోటవైపు జానెడు ఒరిగింది. పందిరి గోడను ఆనుకుందో, గోడే పందిరిని ఆనుకుందో ఈ మట్టిబుర్రకు తెలియడం లేదు. తమరు గోడ పక్కన నిలబడితే గుంజలు లాగి చూద్దాం."

దివానుగారు గోడకేసి చూసి నాలుగడుగులు వెనక్కి వేశారు. "ఉండనీలే. గోడ పొడుగునా వేసెయ్."

వేశాను. పందిరే గోడను కాస్తోందని ఆయన నమ్మకం, గోడే పందిరిని కాస్తోందని నాది. గాలి వీస్తే చాలు, ఇద్దరం పరుగెత్తుకొచ్చి చూసుకుంటాం.