చుక్కి తాగిన చేదు ఏరు

నెమలిగట్టు అడవిలో, ఏటి ఒడ్డున జంతువులకొక వైద్యశాల ఉండేది. ఎలుగుబంటి జాంబయ్య అక్కడ వైద్యుడు. ఆ ఏడు అడవికి విషజ్వరం వచ్చింది. కుందేళ్ళు, కణుజు జింకలు, ముళ్ళపందులు, ఎవరి పిల్లలను చూసినా అక్కడే మూలుగుతున్నారు. అంటురోగం కాబట్టి తల్లులు ఏటికి అవతలే ఆగాలి.

అందరిలోకీ జింకపిల్ల చుక్కి పరిస్థితి కష్టంగా ఉంది. నాలుగు రోజులుగా నోట మాట లేదు. మందు తెస్తే పళ్ళు బిగించేది.

"ఈ కషాయం ఇవాళ లోపలికి పోకపోతే పిల్ల దక్కదు," అన్నాడు జాంబయ్య.

పిల్లలకు కథలు చెప్పే పని చిలుక పచ్చన్నది. వంద కథలు అక్షరం పొల్లుపోకుండా వల్లించేవాడు. ఎవరూ ఊఁ కొట్టకపోయినా ఆగేవాడు కాదు. ఎవరైనా "ఎందుకూ?" అంటే, "కథలో అది లేదు, నోరు మూసుకో!" అనేవాడు. ఆ పొద్దుటి నుంచి చుక్కికి ఏడు కథలు వల్లించాడు. చుక్కి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆకుపక్కలు సర్దే ముసలి కొండముచ్చు వీరవ్వకు ఒళ్ళు మండింది.

"జరుగు నాయనా, నేను చెబుతాను."

"నువ్వా? పొద్దున తిన్న పండేదో చెప్పలేవు!" అని నవ్వాడు పచ్చన్న.

ఆ మాట నిజమే. అందుకే ఇంకా మండింది. ఈమధ్య వీరవ్వకు పేర్లు జారిపోతున్నాయి, దారులు జారిపోతున్నాయి. ఇక కథలూ పోతాయేమోనని ఆమె భయం. అయినా వెళ్ళి చుక్కి పక్కన కూర్చుంది.

"అనగనగా ఒక ఏనుగుపిల్ల. అమ్మను వెతుక్కుంటూ ఏటిలో దిగింది."

ఊఁ కొట్టనిదే వీరవ్వ కథ కదలదు. ఆగింది. చుక్కి ఊఁ అనలేదు. ఎదురుచూసి, ఎదురుచూసి, ఎక్కడిదాకా చెప్పిందో వీరవ్వే మరిచిపోయింది.

"ఛీ, నా బుర్ర! ఆఁ... ఏనుగుపిల్ల చెట్టెక్కింది."

"తప్పు! తప్పు!" అని అరిచాడు పచ్చన్న.

"నువ్వుండవయ్యా బాబూ! చెట్టెక్కి గూడు కట్టింది..."

చుక్కి విసుగ్గా ఇటు తిరిగింది. "అబ్బా, అవ్వా! ఏనుగు ఎక్కడైనా చెట్టెక్కుతుందా? ఏటిలో దిగిందని ఇప్పుడేగా చెప్పావు!"

నాలుగు రోజుల తర్వాత అదే మొదటి మాట. జాంబయ్య కషాయం గిన్నె పట్టుకుని పక్కకు వచ్చాడు.

"దిగిందా? దిగి ఏం చేసిందే?" అంది వీరవ్వ. నిజంగానే ఆమెకు గుర్తులేదు.

చుక్కి లేచి కూర్చుంది. "అవతలి ఒడ్డున వాళ్ళమ్మ ఉంది. ఏరు లోతు. నీళ్ళన్నీ తాగేస్తేనే దారి వస్తుంది. కానీ ఆ నీళ్ళు చేదు."

"ఎంత చేదు?"

"ఇంత!" అని చుక్కి గిన్నె చూపించింది.

"మరి తాగిందా, లేదా? తొందరగా చెప్పవే తల్లీ, మళ్ళీ మరిచిపోతాను!"

"ఉండవ్వా, తాగుతోంది!" అని చుక్కి గిన్నె అందుకుంది. ముఖం చిట్లించి, ఒక్కో గుక్కకూ ఒక్కో అడుగు లెక్కపెడుతూ ఏరంతా తాగేసింది.

మూడో రోజుకు జ్వరం దిగింది. మిగిలిన పిల్లలూ తమ కథ తామే కట్టుకుంటామని వీరవ్వ చుట్టూ చేరారు. పచ్చన్న వల్లింపు వినేవాళ్ళే కరువయ్యారు. జాంబయ్య అతణ్ణి ఎండబెట్టిన వేర్ల దగ్గర పిచ్చుకల్ని తోలే పనిలో పెట్టాడు.

"కావాలనే మరిచిపోయావు కదూ, వీరవ్వా?" అని అడిగాడు జాంబయ్య.

"కావాలని ఎవరైనా మరిచిపోతారటయ్యా?" అని కసురుకుని, వీరవ్వ పిల్లల దగ్గరకు నడిచింది.

నీతి: బాధలో ఉన్న పిల్లలకు కథ అప్పజెబితే చాలదు, ఆ కథలో వాళ్ళకూ చోటివ్వాలి.