రతిబోర్ రాజు ఇనుప చొక్కా

అనగనగా బంగారూ, వేసవిలో కూడా చలేసే రష్యా దేశపు ఊళ్ళో నజర్ అని ఒక కమ్మరి. ఊఁ కొట్టాలి మరి!

ఆ ఊరి రాజు పేరు రతిబోర్. యుద్ధమంటే అందరికంటే ముందు ఆయనే నడిచేవాడు. అందుకని నజర్ చలికాలమంతా కూర్చుని, బుల్లి బుల్లి ఇనుప రింగులు ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఆయనకో చొక్కా అల్లిచ్చాడు. "నా చొక్కా ఉండగా మా రాజుకేం కాదు" అని ఊరంతా డప్పు కొట్టుకున్నాడు. ఆ గొప్పే వాడి కొంప మీదికి తెచ్చింది.

మొదటిసారి శత్రువులొచ్చారు. రాజు గెలిచి వచ్చాడు, ఒంటి మీద గీత లేదు. ఆ తర్వాత రెండోసారి వచ్చారు. అప్పుడూ అంతే. ఊరంతా నజర్ వీపు తట్టింది.

మూడోసారి రాజు బండి మీద వచ్చాడు. ఒంటి మీద శాలువా కప్పారు, గుండెల్లో దిగిన బాణం దాంట్లోంచి పైకి పొడుచుకొచ్చింది. యుద్ధంలో పోయిన రాజు ఒంటి మీది బట్ట, పూజారి వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు అక్కడ.

అప్పుడు ఎవరో అరిచారు, "చొక్కా నాసిరకం! నజరే చంపేశాడు!" అని. అంతే. వాడి చేతులు కట్టేసి, ఏట్లో తోసెయ్యడానికి ఈడ్చుకుపోయారు. వాడు వద్దనలేదు కూడా. తన తప్పేనని వాడూ నమ్మేశాడు, పిచ్చోడు!

అప్పుడు తిమోఫీ కుంటుకుంటూ వచ్చాడు. యుద్ధంలో జెండా మోసేది అతనే. జెండాని రెండు చేతులా పట్టుకోవాలి, ఇక డాలెక్కడ పట్టుకుంటాడు? బాణాలన్నీ అతని మీదికే.

"ఆగండి!" అని చిల్లులు పడ్డ కోటు విప్పాడు. లోపల నజర్ చొక్కా! దాని మీద ఏడు నొక్కులు.

"మూడుసార్లూ రాజుగారే నాకు తొడిగారు. నాకు డాలుంది, నీకేముందిరా అన్నారు. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నారు" అని బావురుమన్నాడు.

ఊరు ఊరంతా కొయ్యబారిపోయింది. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది తల్లీ. ఈడ్చుకొచ్చిన వాళ్ళే గబగబా నజర్ కట్లు విప్పారు.

నజర్ మాత్రం వెనక్కి పరుగెత్తి, రాజు బండి పక్కన కూలబడ్డాడు. "ఒక్క మాట అడిగితే రెండోది అల్లేవాణ్ణి కదయ్యా! ఎందుకడగలేదయ్యా!" అని గుండెలు బాదుకున్నాడు.

ఆ తర్వాత అందరూ రతిబోర్‌ని దేవుడి మనిషని కొలిచారు. దీపాలు పెట్టారు. నజర్ ఏ దీపమూ పెట్టలేదు. మళ్ళీ చలికాలమంతా కూర్చుని రెండో చొక్కా అల్లాడు, రాజు కొలతలకే. తీసుకెళ్ళి సమాధి మీద కప్పి వచ్చాడు.

ఇనుప చొక్కా రాజుకి,
వెచ్చని దుప్పటి నీకు.
కథేమో నడిచి నడిచి కంచికి,
నువ్వేమో పొర్లి పొర్లి మంచానికి!