పోలయ్య గుండె బరువు

అతి తెలివి వాళ్ళ కథ చెప్పాలంటే చెప్పేవాడికీ కాస్త తెలివుండాలి. అది లేదు గనక, మనకి అందే ఎత్తులో ఉన్న ముగ్గురి కథ చెప్పుకుందాం.

దాలినాయుడు, బంగారయ్య, హేమసుందరి సోషల్ వర్కు ఎమ్మే చదువుతూ, మనసు బాగోలేని వాళ్ళకి కౌన్సెలింగు చేసే పని నేర్చుకుంటున్నారు. తమంత తెలివైన వాళ్ళు కాలేజీలో లేరని ముగ్గురికీ గట్టి నమ్మకం. దాలినాయుడికి మరీను.

"మిగతా వాళ్ళు మేడం మాటకి అర్థమేమిటా అని బుర్ర పాడుచేసుకుంటారు. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదీ," అనేవాడు.

ఆ రోజు ఆసుపత్రిలో వాళ్ళకి ఆఖరి పరీక్ష. మాణిక్యాంబ మేడం ఫీల్డువర్కు పుస్తకం చేతికిచ్చి చెప్పింది. "ఒక్క మనిషికి గుండె బరువు దించి పంపండి, సంతకం పెడతాను. లేదా, ఇంకో ఏడాది ఇక్కడే. వచ్చినాయన ఏమంటే అది మీరు తిరిగి అనండి. మనం వింటున్నామని ఆయనకి తెలియాలి."

మావాడు మనసు డాక్టరైపోయాడని దాలినాయుడి తల్లి అప్పుడే ఊరంతా చెప్పేసింది. ఇంకో ఏడాదంటే ఆవిడకి ముఖం ఎలా చూపించడం?

ఇంతలో కుక్కర్లు బాగుచేసే పోలయ్య లోపలికొచ్చాడు.

"నమస్కారం బాబూ."

"నమస్కారం బాబూ అంటున్నారు," అన్నాడు దాలినాయుడు.

పోలయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. "కూకోవచ్చా?"

"కూకోవచ్చా అని అడుగుతున్నారు," అంది హేమసుందరి, రాసుకుంటూ.

కూర్చోమని మాత్రం ఎవరూ అనలేదు. దాంతో పోలయ్య నిలబడే తన గోడు మొదలెట్టాడు. పులుసులో ఉప్పు లేదన్నాడట. పన్నెండు రోజులైంది, భార్య నూకాలు ఆయనతో మాట్లాడటం లేదు. ఏం చెప్పాలన్నా గోడకి చెబుతోందట.

"గోడ ఏమంటోందండీ?" అన్నాడు బంగారయ్య.

"గోడేటంటాది బాబూ. నాకే, గుండెల్లో నిప్పెట్టినట్టు మండిపోతంది."

ఇంకేముంది. బంగారయ్య వరండాలోకి పరిగెత్తాడు. మంటలార్పడానికి వేలాడదీసిన ఎర్ర బకెట్టు పట్టుకొచ్చి, అందులో ఇసకంతా పోలయ్య నెత్తిన కుమ్మరించాడు.

"ఆరిందా అండీ?"

నోటినిండా ఇసక, పోలయ్యకి మాట రాలేదు.

"ఆరినట్టే ఉంది," అన్నాడు దాలినాయుడు. "ఇంక బరువు సంగతి చూద్దాం."

మూలనున్న బరువు మిషను ఎక్కించారు. అరవై మూడు కేజీలు. పోలయ్య చేతిలోని ఆసుపత్రి చీటీలో అరవై ఒకటని ఉంది.

"మన దగ్గరికొచ్చాక గుండె రెండు కేజీలు పెరిగిందిరా," అన్నాడు దాలినాయుడు. సంతకం కళ్ళముందే చెరిగిపోతోంది.

చొక్కా విప్పించారు. అరవై రెండు. హేమసుందరిని గోడవైపు తిరిగి రాసుకోమని, పంచె కూడా లాగేసి తువ్వాలు చుట్టారు. అరవై ఒకటి.

"వచ్చినప్పుడూ అంతే కదా. తగ్గిందేముంది?" అంది హేమసుందరి గోడతోనే.

"మీసం ఒత్తుగా ఉంది. అది తీస్తేనో?" అన్నాడు బంగారయ్య కత్తెర వెతుకుతూ.

"మీసం జోలికి రాకండి బాబూ, నాకే బరువూ లేదు," అని పోలయ్య దణ్ణం పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే నూకాలు వచ్చింది. మాటల్లేకపోతే మానె, మొగుడు పొద్దున్న తినకుండా వెళ్ళాడని క్యారేజీ పట్టుకొచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏటిది, కోడిని వలిచినట్టు మా ఆయన్ని వలిచేత్తన్నారు?" అని ముగ్గురినీ కడిగేసి, మొగుడివైపు తిరిగింది. "నువ్వేటి, ఇప్పమంటే ఇప్పేడమేనా? నోరు నామీదేనా లెగుస్తాది?"

పన్నెండు రోజుల మాటలూ ఒక్కసారే పడ్డాయి. పోలయ్య కళ్ళు చెమర్చాయి. "తిట్టవే, తిట్టు," అంటూ పంచె చుట్టుకుని, క్యారేజీ ముందు కూర్చున్నాడు.

మేడం తొంగిచూసేసరికి నూకాలు వడ్డిస్తూ తిడుతోంది, ఆయన తింటూ నవ్వుతున్నాడు. మేడం మురిసిపోయింది.

"శభాష్. ఇంక ఈ కేసు మూసేసి పుస్తకం తీసుకురండి, సంతకం పెడతాను. ఒక్కటి గుర్తుంచుకోండి. మూసేసిన కేసు గురించి ఎవరడిగినా, ఆఖరికి నేనడిగినా, పెదవి విప్పకూడదు," అని తన గదికి వెళ్ళింది.

కేసు లోపల అన్నం తింటోంది. ముగ్గురూ చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొళ్ళెం పెట్టి, తాళం వేశారు. హేమసుందరి తాళం రెండుసార్లు లాగి చూసింది.

"గట్టిగానే మూశాం," అంది.

ముగ్గురూ వెళ్ళి పుస్తకం ముందు పెట్టారు. మేడం పెన్ను మూత తీసిందో లేదో, అవతల నుంచి దడదడ తలుపు బాదుతున్న చప్పుడు.

"ఎవరది లోపల?" అంది మేడం.

ముగ్గురూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

"మిమ్మల్నే. ఎవరిని పెట్టి తాళం వేశారు? తాళంచెవి ఏదీ?"

బంగారయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. హేమసుందరి నేల చూసింది. దాలినాయుడికి మాత్రం ఇట్టే అర్థమైపోయింది. అసలు పరీక్ష ఇదన్నమాట. ఇప్పుడు నోరు జారితే ఏడాది పోతుంది.

తాళంచెవిని జేబులో ఇంకాస్త అడుక్కి తోసి, పెదాలు బిగబట్టి, సంతకం పెట్టాల్సిన చోట వేలుంచి వినయంగా చూపించాడు.