దెస్తమ్మ హారతాకు

అనగా అనగా, ఓడలు గాలిని నమ్ముకుని తిరిగే రోజుల్లో, వేలాపురం అని ఒక రేవు పట్టణం. దానికి కీర్తిసేనుడు రాజు. రేవుకి ఉత్తరాన ఇసుక దిబ్బ మీద ఒక పాక ఉండేది. ఆ పాకలో దెస్తా అనే ఆవిడ కాపురం.

దెస్తా తల్లిది సముద్రానికి అవతల ఉన్న హబ్షీ దేశం. గుర్రాల వర్తకులు ఆమెను ఓడలో తెచ్చారు. దారిలో జబ్బు చేస్తే ఈ రేవులో దించేసి, వెనక్కి చూడకుండా పోయారు. ఆమె కొంగున కట్టి తెచ్చుకున్నది చిటికెడు విత్తనాలు, అంతే. వాటిని దిబ్బ మీద చల్లితే బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ మొక్కలు లేచాయి. ఆకులు పక్షి ఈకల్లా చీలికలు చీలికలుగా ఉండేవి. నలిపితే మాచిపత్రి లాంటి ఘాటు వాసన. నాలుక మీద పెడితే వేపకన్నా చేదు. తల్లి దాన్ని ‘ఆరితి’ అనేది. రేవు జనానికి నోరు తిరగక ‘హారతాకు’ అన్నారు. కూతురేమో దెస్తమ్మ అయిపోయింది.

ఆ మొక్కకి ఎండ కావాలి, ఇసుక కావాలి. నీళ్ళు మాత్రం దాహం తీరేటన్నే. కొయ్యాలంటే పై కొమ్మలు జానెడు మేర కొయ్యాలి గాని మొదలు ముట్టకూడదు. గుప్పెడు ఆకు మరిగే నీళ్ళలో వేసి, దుప్పటి కప్పుకుని ఆవిరి పడితే బిగిసిన రొమ్ము వదులవుతుంది. కడుపులోకి తీసుకోవాలంటే మూడే మూడు ఆకులు. కడుపుతో ఉన్నవాళ్ళకి అసలు ఇవ్వకూడదు. ఇదంతా దెస్తాకి తల్లి చెప్పింది. ఆ తల్లికి ఆమె తల్లి చెప్పింది.

దెస్తా మంచిదే గాని నోరు కటువు. తెరచాపలు కుట్టే ముసలి నూకయ్యకి చలికాలం వస్తే రొమ్ము కొలిమి తిత్తిలా చప్పుడు చేసేది. రోజూ కర్ర పొడుచుకుంటూ దిబ్బ ఎక్కేవాడు.

“నీ ఆకే లేకపోతే పోయినేడే నన్ను సముద్రంలో కలిపేసేవారే, దెస్తమ్మా!” అనేవాడు.

“మాటలు తగ్గించి ఆవిరి పట్టు మావా. నీళ్ళు చల్లారిపోతున్నాయి,” అని దెస్తా కసిరేది. కసురుతూనే దుప్పటి అంచులు సర్దేది.

రేవు జనమంతా దిబ్బకే పోతున్నారని ఆస్థాన వైద్యుడు పుష్కరుడి చెవిన పడింది. మర్నాడే అతను పల్లకీలో వచ్చాడు. వెనకాల పదిమంది భటులు.

“ఏమిటీ గడ్డి?” అన్నాడు పల్లకీ దిగకుండానే.

“గడ్డి కాదయ్యా, మందు.”

“నేను చదివిన గ్రంథాల్లో దీని పేరు లేదు. నాకు తెలియనిది మందెలా అవుతుంది? పరదేశపు కలుపు! ఊరికి అంటుకోకముందే తగలబెట్టండి!”

దెస్తా అడ్డం వెళ్ళింది. ఇద్దరు భటులు ఆమెను రెక్కలు పట్టి ఈడ్చేశారు. తోట అంటుకుంది. గాలి సముద్రం వైపు తిరగబట్టి సగం మిగిలింది, లేకపోతే అదీ ఉండేది కాదు.

దెస్తాకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపంతోనే కాలిన మొదళ్ళ చుట్టూ కొత్త ఇసుక ఎగదోసింది. నల్లబడ్డ కొమ్మలు కత్తిరించింది. నెల తిరిగేసరికి నాలుగు మొదళ్ళు చిగిర్చాయి.

అలా ఉండగా ఒకనాడు రాజు కొత్త ఓడ చూడడానికి రేవుకి వచ్చాడు. మంచులో నిలబడి చూసి చూసి, ఊపిరి ఆడక కూలబడ్డాడు. దగ్గర్లో ఉన్న పడవవాడి భార్య పరుగున పోయి తన ఇంట్లో ఉన్న హారతాకు తెచ్చి ఆవిరి పట్టించింది. రాజుకి ఊపిరి తిరిగింది.

“ఎంత గొప్ప ఆకు! ఎవరు పెంచారు దీన్ని?” అని రాజు అడిగాడు.

పడవవాడి భార్య నోరు తెరిచేలోపే రాజు వెంట వచ్చిన పుష్కరుడు ముందుకొచ్చాడు. “తమ సేవకుడే ప్రభూ! ఎన్నో ఏళ్ళు శోధించి, రేవు దగ్గర దిబ్బ మీద రహస్యంగా పెంచుతున్నాను. అలగా జనం దొంగిలించుకుపోతున్నారు.”

రాజు ఇంకెవరినీ అడగలేదు. ఆ మొక్కలన్నీ కోట తోటలో నాటాలన్నాడు. బయట ఎవరైనా పెంచితే కారాగారమే అన్నాడు.

భటులు రెండోసారి దిబ్బ ఎక్కారు. ఈసారి చేతుల్లో గునపాలు.

“పోయిన నెల కలుపన్నారు! ఈ నెల రాజుగారి సొత్తా?” అని దెస్తా అరిచింది. “వేళ్ళతో పీకకండిరా, చచ్చిపోతాయి! ఒక్క మొక్క... ఆ ముసలాయన కోసం ఒక్కటి ఉంచండి!”

ఒక్కటీ ఉంచలేదు. సాయంత్రానికి దిబ్బ మీద గుంటలు మిగిలాయి.

దెస్తా కోట గుమ్మానికి వెళ్ళింది. మొదటి రోజు నవ్వారు. రెండో రోజు కుక్కల్ని వదిలారు. మూడో రోజు ద్వారపాలకుడు కాస్త జాలిపడి, “ఆ ఆకు ఇప్పుడు దొరల ఇళ్ళకేనమ్మా. వెళ్ళిపో,” అన్నాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి నూకయ్య తన ఇంటి గుమ్మంలో గోడకి ఆనుకుని ఉన్నాడు. మెడ నరాలు తాళ్ళలా బిగిసి ఉన్నాయి. దెస్తా వట్టి వేడినీళ్ళ ఆవిరి పట్టించింది. వీపు రాసింది. ఉన్న శొంఠి అంతా అరగదీసింది. వారం తిరక్కుండా నూకయ్య పోయాడు. సగం కుట్టిన తెరచాప అతని ఒళ్ళోనే ఉంది.

 అంత్యక్రియలు అయ్యాక దెస్తా లోపల కోపం నిప్పుగడ్డలా కూర్చుంది. పొద్దున్న లేస్తే అదే, పడుకుంటే అదే.

ఇక కోట తోటలో ఏం జరిగిందో వినండి. పుష్కరుడు నల్లరేగడి మట్టి పోయించి, మొక్కలు నాటించి, పూటకి నూరు కడవల నీళ్ళు కుమ్మరించాడు. ఎక్కువ పోస్తే ఎక్కువ పెరుగుతాయనుకున్నాడు. వేళ్ళు కుళ్ళాయి. ఆకులు నల్లబడి రాలాయి.

“ఇదేమిటి?” అని రాజు గద్దించాడు.

“ప్రభూ, ఆ దిబ్బ మీది హబ్షీది చేతబడి చేసింది!” అన్నాడు పుష్కరుడు.

భటులు మూడోసారి దిబ్బ ఎక్కి, ఈసారి దెస్తానే పట్టుకుపోయారు.

కోట తోటలో రాజు, పక్కన ఆసనం మీద రాణి కువలయ కూర్చుని ఉన్నారు. రాణికి అయిదో నెల. వారం రోజులుగా దగ్గు. పుష్కరుడు నల్లబడని ఆకు కంటికి కనబడినంతా దూసి, నల్లగా చిక్కబడేదాకా కాచి, వెండి గిన్నెలో పోసి ఆమె చేతికిచ్చాడు.

“మూడు పూటలా తాగండి తల్లీ. దగ్గు పోతుంది, బిడ్డకి బలం,” అన్నాడు.

భటుల చేతుల్లో బందీగా నిలబడ్డ దెస్తాకి ఆ వాసన తెలిసింది. అది ఎంత చిక్కటి కషాయమో, ఎవరి చేతిలో ఉందో, తాగితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అక్కడున్న ఇంకెవరికీ తెలియదు.

ఒక్క క్షణం దెస్తా నోరు మెదపలేదు. ఆ క్షణం గురించి ఆమె తర్వాత ఎన్నడూ అబద్ధం చెప్పుకోలేదు.

‘తాగనీ,’ అంది ఆమె కోపం. ‘నూకయ్య ఊపిరి లాక్కున్న ఇల్లు ఇది. నీ తోట కాల్చారు, పీకారు, నిన్ను బందీని చేశారు. నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు.’

రాణి కుడిచేత గిన్నె ఎత్తింది. ఎడమచెయ్యి పొట్ట మీద ఉంది. లోపల బిడ్డ కదిలినట్టుంది, ఘాటుకి ముడుచుకున్న ఆమె ముఖం ఒక్కసారి విప్పారింది.

‘ఆ బిడ్డ నా తోటలో అడుగైనా పెట్టలేదే!’ అనుకుంది దెస్తా.

భటుడి పట్టులోంచి చెయ్యి విదిలించుకుని, ఒక్క ఉరుకున పోయి గిన్నెను కొట్టింది. అది ఎగిరి రాతి మీద పడింది. కషాయం నల్లగా పారింది.

కత్తులు లేచాయి. ఒక కత్తి మొన ఆమె మెడ మీద గాటు పెట్టింది.

“నరికితే నరకండి, ముందు వినండి!” అని దెస్తా అరిచింది. “కడుపుతో ఉన్నవాళ్ళు తాగకూడనిది ఇది! మూడాకుల మందుని మూడు బుట్టల ఆకుతో కాచాడు మీ వైద్యుడు. కడుపు నిలవదు. తల్లి కూడా దక్కకపోవచ్చు!”

“అబద్ధం!” అన్నాడు పుష్కరుడు. “ఈ ఆకు సర్వజనులకీ హితం. పెంచినవాణ్ణి, నాకు తెలియదా?”

రాజు అతని వంక చూశాడు. కాచిన కుండలో ఇంకా కషాయం ఉంది. “అయితే నువ్వు తాగు,” అన్నాడు.

పుష్కరుడు గిన్నె నింపాడు. పెదవుల దాకా తెచ్చాడు. అక్కడే ఆగాడు. ఆ ఆకుని అతనెన్నడూ రుచి చూడలేదు. తెలియని దాన్ని తాను తాగడానికి అతనికి భయం వేసింది. తెలియని దాన్ని రాణికి తాగించడానికి మాత్రం వేయలేదు. గిన్నె కింద పెట్టి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

“ఆ తోట నాది కాదు ప్రభూ,” అన్నాడు. “ఆమెదే.”

రాణి రెండు చేతులతో పొట్టను చుట్టుకుని ఏడ్చింది. రాజు ఆసనం వదిలి వచ్చి దెస్తా ఎదుట నిలబడ్డాడు.

“అమ్మా, ఏం కావాలో కోరుకో.”

“నూకయ్యని ఇవ్వగలరా?” అంది దెస్తా. మెడ మీద కత్తి గాటు నుంచి సన్నగా నెత్తురు కారుతూనే ఉంది. “అబద్ధం చెప్పినవాడు వీడే మహారాజా, కాదనను. కాని ఎవరి మొక్క అని రేవులో ఎవర్నైనా ఒక్కమాట అడిగారా? మూడుసార్లు మీ భటులు దిబ్బ ఎక్కారు. ఒక్కసారి మీరు ఎక్కలేకపోయారా?”

 రాజు తల వంచాడు. “అడగలేదు. తప్పు నాది,” అన్నాడు.

“ఆ తప్పు రేవులో, అందరి ముందూ చెప్పండి. ఆకు ఎవరైనా పెంచుకోవచ్చని చాటించండి.”

“చాటిస్తాను. వీడి చేతులు నరికిస్తాను.”

“నరికితే నాకేం ఒరుగుతుంది? ఆ చేతులతో పని ఉంది.”

దెస్తా కుళ్ళిన మడిలో వంగి వెతికింది. ఒక మూల గట్టు మీద, నీళ్ళు అందని చోట, మూడు కొమ్మలు ఇంకా పచ్చగా ఉన్నాయి. వాటిని తడిగుడ్డలో చుట్టుకుంది. వెళ్ళేముందు రాణికి శొంఠీ తాటిబెల్లం కాచిన నీళ్ళు ఇప్పించి, మూడు పూటలా వేడినీళ్ళ ఆవిరి పట్టమంది. రాణి దగ్గు నాలుగు రోజుల్లో తగ్గింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది.

రాజు రేవుకి నడిచి వచ్చి, నూకయ్య ఇంటి ముందు నిలబడి తన తప్పు చెప్పుకున్నాడు. ఆ మూడు కొమ్మలూ దిబ్బ మీద వేళ్ళూనడానికి ఏడాది పట్టింది. వాటి నుంచి వచ్చిన పిలకల్ని గంపలో పెట్టుకుని, పల్లకీ లేకుండా పుష్కరుడు ఇంటింటికీ తిరిగాడు. ఇసుక తవ్వాడు, నాటాడు.

“లోతుగా పెట్టకు! నీళ్ళు అన్నేసి పొయ్యకు! నీకు ఎన్నిసార్లు చెప్పాలి?” అని దెస్తా వెనకనుంచి మండిపడుతూనే ఉంది. అతను కిమ్మనకుండా మళ్ళీ తవ్వేవాడు.

“ఇంకా కోపం పోలేదా దెస్తమ్మా?” అని ఒకనాడు పడవవాడి భార్య అడిగింది.

“పోలేదు,” అంది దెస్తా. “ఎందుకు పోవాలి? మనిషి పోయాడు.”

అని, వచ్చినవాళ్ళకి ఆకు కొయ్యడానికి కొడవలి అందుకుంది.

కనుక పిల్లలూ, అన్యాయం జరిగితే కోపం రావడం తప్పు కాదు. ఆ కోపం తప్పు చేసినవాణ్ణి నిలదీయాలే గాని, ఏ పాపం ఎరగని ప్రాణం మీద పడకూడదు.